రాత్రి పన్నెండు దాకా ఆ లైటు

"రాత్రి పన్నెండయినా మీ ఇంట్లో లైటు తీయడం లేదేం, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని మొన్న మీరడిగితే ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్లిపోయాను వదినా. మనసు బాగాలేక. ఇవాళ చెప్తా, కాస్త గోడ దగ్గరికి రండి.

మా చిన్నది టీచరుగా చేరి ఏడాదే గదా. హెడ్మాస్టరుగారు చేయాల్సిన పనంతా దాని సంచిలో మా ఇంటికొస్తోంది. యూడైస్ ప్లస్ అని, బడి లెక్కలు ప్రభుత్వానికి కంప్యూటర్లో ఎక్కించేది ఒకటుంది. 2022-23 నుంచి బడి మొత్తానికీ కలిపి అంకెలిస్తే చాలదు, ఒక్కో పిల్లాడి వివరం విడివిడిగా ఎక్కించాలి. అంతా సరిగ్గా ఉందని ఒప్పుకోవాల్సింది హెడ్మాస్టరే. ఆయనేమో పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి, "నీకు కంప్యూటరు బాగా వచ్చు గదమ్మా" అన్నారట. ఆ ఒక్క మాటకే ఇది పొంగిపోయింది. పెద్దాయనకు నిజంగా రాకపోతే పక్కన కూర్చుని నేర్పడం మర్యాదే. నేర్పుతానని రెండుసార్లు వెళ్తే, "రేపు చూద్దాంలే" అని పేపరు తిరగేశారట. రాకపోవడం వేరు, చేయకపోవడం వేరు వదినా.

నాకసలు నిద్ర పట్టనివ్వనిది మధ్యాహ్న భోజనం రిజిస్టరు. ప్రాథమిక బడిలో పిల్లాడికి 100 గ్రాముల బియ్యం లెక్క. ఒకరోజు 62 మందే వచ్చారు. లేచి లెక్కపెట్టే ఓపిక లేక ఆయన, "నిన్నటి అంకే వేసెయ్యమ్మా" అన్నారు. నిన్నటిది 70. అంటే 800 గ్రాముల బియ్యం కాగితం మీద ఉడికిపోయాయి, బస్తాలో మాత్రం అలాగే ఉన్నాయి. రేపు తనిఖీకొచ్చినవాళ్లు బస్తా తూస్తే ముందడిగేది ఆ రాత ఎవరిదని. రాత మా పిల్లది!

ఆ రాత్రి దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. "సాయం చెయ్యి తల్లీ, కాదనను. ఆయన సంతకం పెట్టాల్సిన చోట మాత్రం నీ చెయ్యి పడనీకు. గొడవొద్దు. అప్పగించినట్టు కాగితం అడుగు."

మర్నాడు రిజిస్టరు తీసుకెళ్లి, "సార్, ఇవాళ 64 మంది. మీరొకసారి చూసి సంతకం పెట్టండి" అని బల్ల పక్కనే నిలబడిందట. ఆయన మొహం ముడుచుకున్నా లెక్కపెట్టడానికి లేచి వరండాలోకి వెళ్లారట. రెండు రోజులకు మళ్లీ ఇటు తోస్తే, "ఈ పని నాకు అప్పగిస్తూ మెమో ఇవ్వండి సార్, తప్పకుండా చేస్తాను" అంది. మెమో రాలేదు. రిజిస్టరు ఆయన సొరుగులోకి పోయింది.

యూడైస్ ఇంకా తెమల్లేదు. దాన్ని ఇంటికి తేవడం మానేసింది. బడి వదిలాక అరగంట ఆయన పిల్లల వివరాలు చదువుతుంటే ఇది టైపు కొడుతోంది.

నిన్న మూడో తరగతికి అప్పు తెచ్చుకునే తీసివేతలు మొదలుపెట్టిందట వదినా. నెల్లాళ్లుగా ఆగిపోయిన పాఠం అది.