స్పెయిన్‌లో చుట్టాలున్నారా?

పొద్దున ఏడు కాకముందే పటాన్‌చెరు దగ్గర ముంబయి రహదారి నిండిపోతుంది. షిఫ్టుకెళ్లే కంపెనీ బస్సులు, షేరాటోలు, టిఫిను డబ్బా తగిలించుకున్న బైకులు. ఆ జనంలో నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు తండాల నుంచి బతుకుదెరువుకొచ్చిన లంబాడీలూ ఉంటారు. ఫ్యాక్టరీ గేటు దాటితే తెలుగు, హిందీ. ఇంటికొచ్చి అమ్మతో మాట్లాడితే గోర్ బోలీ. సొంత లిపి లేని ఆ భాషలో నీళ్లు 'పాణి', నలుపు 'కాళో'. తమవాళ్లని 'గోర్' అంటారు, బయటివాళ్లని 'కోర్' అంటారు.

ఇక్కణ్నుంచి దాదాపు ఎనిమిదివేల కిలోమీటర్ల అవతల స్పెయిన్ ఉంది. అక్కడి జిప్సీలు హితానోలు. నీళ్లకి వాళ్ల పాతమాట 'పన్యీ'. తమని తాము 'కాలే' అని చెప్పుకుంటారు, అంటే నల్లవాళ్లు. బయటివాళ్లయితే 'పాయో'లు. విన్నవాళ్లెవరికైనా ఒళ్లు ఝల్లుమంటుంది. మరి వీళ్లూ వాళ్లూ చుట్టాలేనా?

సితార్ పట్టుకుని...

ఇలాంటి చుట్టరికాన్నే వెతుక్కుంటూ ఓ సంగీతకారిణి స్పెయిన్ వెళ్లింది. ఆమె అనౌష్క శంకర్, పండిట్ రవిశంకర్ కూతురు. జిప్సీల పాటగా పేరుపడ్డ ఫ్లమెంకోకీ మన రాగాలకీ మధ్య దారి ఉందేమో చూద్దామని స్పెయిన్ నిర్మాత హవియెర్ లిమోన్‌తో కలిసి పనిచేసింది. గ్రనాడాకి చెందిన జిప్సీ కుటుంబంలో పుట్టిన గిటారిస్టు పెపె అబిచ్వేలా ఆమెకి జత కలిశాడు. అలా 2011లో వచ్చిన ఆల్బమ్ పేరు 'ట్రావెలర్'. బాటసారి అన్నమాట! అందులో సితారూ గిటారూ ఒకదానికొకటి బదులు పలుకుతుంటే, చాన్నాళ్లకి కలిసిన బంధువులు కబుర్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ బంధువులు అక్కడికెళ్లి ఆరువందల ఏళ్లయింది. 1425 జనవరిలో అరగాన్ రాజు అయిదో అల్ఫోన్సో ఒక జిప్సీ నాయకుడికి తన రాజ్యంలో తిరగడానికి అనుమతిపత్రం ఇచ్చాడు. స్పెయిన్‌లో వాళ్ల గురించి దొరికిన తొలి రాత అదే. మొదట్లో మర్యాదలు బాగానే జరిగాయి. 1499 నుంచి మాత్రం శాసనాల మీద శాసనాలు... తిరగకూడదు, మీ బట్టలు కట్టకూడదు, మీ మాట మాట్లాడకూడదు అని. 1749 జులైలో ఆరో ఫెర్డినాండ్ కాలంలో దేశమంతటా ఒక్కసారిగా చుట్టుముట్టి వేలమందిని పట్టుకుపోయారు. ఆడవాళ్లని ఒకచోట, మగవాళ్లని మరోచోట పెట్టారు.

ఇంత జరిగాక భాష మిగులుతుందా? వ్యాకరణం పోయింది. స్పానిష్ వాక్యంలో దూర్చుకునే కొన్ని మాటలు మిగిలాయి. పాట మాత్రం పోలేదు. సెవీల్ నగరంలోని త్రియానా పేటలో జిప్సీలు కమ్మరిపని చేసేవారు. 'మార్తినేతె' అనే పాటకి గిటారు ఉండదు. దాగలి మీద సుత్తిదెబ్బే తాళం. ఇనుము కొడుతూ పాడుకున్న పాటని ఇవాళ టిక్కెట్టు కొని వింటున్నారు! 2010లో యునెస్కో ఫ్లమెంకోని ప్రపంచ వారసత్వ కళగా గుర్తించింది.

ఒకే దిక్కు నుంచి

ఇక చుట్టరికం సంగతి. నీళ్లని పానీ అనడం హిందీలోనూ ఉంది కాబట్టి మాటలొక్కటే సాక్ష్యం కావు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక పరిశోధన 2012లో వెలువడింది. యూరప్ జిప్సీ మగవాళ్ల క్రోమోజోములో కనిపించే ఒక గుర్తుకి మూలం వాయవ్య భారతంలోని ఎస్సీ, ఎస్టీ వర్గాల్లో ఉందని అది తేల్చింది. లంబాడీలూ తమ పెద్దలు రాజస్థాన్ వైపు నుంచే వచ్చారంటారు. ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద వేసుకుని, 17వ శతాబ్దంలో మొఘల్ సైన్యాల వెంట దక్కన్‌కి దిగారు. అప్పటికే జిప్సీలు దేశం వదిలి కొన్ని వందల ఏళ్లు దాటింది. కాబట్టి అన్నదమ్ములని చెప్పలేం. ఒక దిక్కున బయల్దేరి చెరో తోవ పట్టినవాళ్లు అనుకోవచ్చు. 1983లో చండీగఢ్‌లో జరిగిన జిప్సీల అంతర్జాతీయ ఉత్సవానికి ప్రధాని ఇందిరాగాంధీ వెళ్లి వాళ్లని మనవాళ్లేనంది. అప్పుడామె మెదక్ ఎంపీ. సంగారెడ్డి అప్పట్లో ఆ జిల్లా కేంద్రం.

రైళ్లొచ్చి లంబాడీల ఎద్దుల బిడారాలు ఆగిపోయాయి. పోడు, కూలి, చెరకు నరకడం, ఇప్పుడు కంపెనీ పని. పెళ్లిలో పుట్టింటిని విడిచేటప్పుడు పెళ్లికూతురు గొంతెత్తి పాడే ఏడుపుపాట ఒకటుంది వాళ్లలో. 'ఢావ్లో' అంటారు. ఫ్లమెంకో గాయకుడు మొదట తీసే ఆ గుండెకోత కేక విన్నాక, ఢావ్లో వింటే పోల్చుకోకుండా ఉండటం కష్టం. అయితే కంపెనీల పక్కన అద్దెగదుల్లో పెరిగే పిల్లకి ఢావ్లో ఎవరు నేర్పాలి? అమ్మ షిఫ్టుకెళ్తుంది. బడిలో ఇంగ్లిషు, వీధిలో తెలుగు. ఇక్కడ ఏ రాజూ శాసనం చెయ్యలేదు. అయినా గోర్ బోలీ ఇంట్లోనే సన్నగిల్లే రోజులివి.

శ్రావణంలో తీజ్ వస్తుంది. పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిదిరోజులు నీళ్లు పోస్తారు. మొలకల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు, నగారా మోగుతుంది. ఆ రోజుల్లో సెలవు దొరికినవాళ్లు పిల్లల్ని తీసుకుని సంగారెడ్డి బస్టాండులో నారాయణఖేడ్ బస్సు కోసం నిలబడతారు.