అమ్మ వాడని క్రియారూపం

ఫ్రెంచిలో ఆజ్ఞాపించడం తేలిక. 'తు వా' అంటే 'నువ్వు వెళ్తున్నావు'. అందులోంచి 'తు' తీసేస్తే చాలు, 'వా' - వెళ్ళు. రాతలో చివరి 'ఎస్' కూడా పోతుంది, అదెలాగూ పలకదు. 'వూ' తీసేస్తే 'అలే' - వెళ్ళండి. 'ను' తీసేస్తే 'అలోఁ' - వెళ్దాం. హైదరాబాదులో పిహెచ్.డి. చేసే రోజుల్లో నేర్చుకున్నాను ఈ పాఠం. (1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఇవి తెలుగు చెవులకి కొత్త కాదు.)

వినేది ఆడా మగా అన్నది ఆ క్రియకి పట్టదు. మనకి పడుతుంది. 'వెళ్ళరా', 'వెళ్ళవే', 'వెళ్ళండి'... ఎవరి స్థానం ఏమిటో ఆ చివరి అక్షరమే చెప్పేస్తుంది. మా త్రిపురాంతకం వైపు వద్దనడానికి 'పోమాక', 'పోబాక' అంటాం. ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి అది 'పోమాకే'. అందులో ముద్దూ ఉంటుంది, కాదనను. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో విధ్యర్థకాన్నీ చెప్పాడు. ఎవరు ఎవరిని ఆజ్ఞాపించవచ్చో మాత్రం మనం ఇంట్లోనే నేర్చుకున్నాం.

మా అమ్మ ఆజ్ఞలన్నీ గేదెకీ, కోళ్ళకీ, మాకూ. నాన్న దగ్గర అన్నీ వార్తలే. 'అన్నం పెట్టాను' అంటే తినడానికి రండి అని. 'నీళ్ళు కాగినయ్' అంటే స్నానానికి లేవండి అని. 'అండి' చేర్చి మర్యాదగా అడగొచ్చు కదా అంటారేమో. ఆ మర్యాద ఆజ్ఞ కూడా ఆమెకి ఎక్కువే అనిపించేది. ఇలాంటి పరోక్షపు మాటని మర్యాద అనీ, ఆడవాళ్ళ నేర్పు అనీ మెచ్చుకునే వ్యాసాలు చాలా చదివాను. నాకు వాటితో పేచీ ఉంది. వార్తకి 'ఊఁ' అంటే సరిపోతుంది. లేవక్కర్లేదు.

నాన్నకి గుండెలో నొప్పి మొదలైన రోజు అమ్మ, 'మార్కాపురం బస్సు ఏడింటికుందంట' అంది. నాన్న 'ఊఁ' అన్నాడు. మర్నాడు 'పక్కింటోళ్ళ జీపు ఖాళీగానే ఉందంట' అంది. దానికీ 'ఊఁ' అనే అన్నాడు. మూడోనాడు రాత్రి నేను ఊరు చేరి, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైందన్నారు. ఆయన్ని వ్యాకరణం చంపిందని నేననను. ఆ మూడు రోజుల్లో 'లేవండి' అన్న ఒక్క మాట అమ్మ నోట రాకపోవడం గురించే నా బాధంతా.

ఆ మూడు రూపాల్లో నాకిష్టమైంది 'అలోఁ'. చెప్పేమనిషి కూడా కదలాల్సిన ఆజ్ఞ అది. మన 'దాం' కూడా అంతే. దాని వెనక 'రా', 'వే' తగిలించినా, అన్న మనిషి ఇంట్లో కూర్చోడానికి ఉండదు.

కిందటి వేసవిలో అమ్మకి ఆ మాట వినిపించాను. 'హలో అన్నట్టుందే' అని నవ్వింది. నాన్నతో ఎప్పుడన్నా 'వెళ్దాం' అన్నావా అని అడిగాను.

చేట పక్కన పెట్టి కాసేపు ఆలోచించింది.

'ఎక్కడికి?' అంది.