ఉలి మ్రింగిన చిత్రములు

అమెరికా అంతర్యుద్ధము ఆరంభమైన యేట, పొటోమాక్ నదీతీరమున విడిసియున్న సైనికులు రాత్రివేళ నెగడుచుట్టును జేరి, ఒకడు ఫిడేలు వాయింపగా మఱియొకడు నాట్యమాడుచుండ, ఆ వెలుగునీడలలో చూచి వినోదించుచున్న దృశ్యమును విన్‌స్లో హోమర్ అను ఇరువదియైదేండ్ల యువకుడు చిత్రింపగా, అది 1861 డిసెంబరు 21వ తేది ‘హార్పర్స్ వీక్లీ’ సంచికలో రెండుపుటల నిండుగా వెలువడెను. ఆ పత్రికాపుటలు నేటికిని వేలములలో దొరకుచునేయున్నవి. సామాన్యుడును కొనగలిగిన వెలకే యొక్కొకప్పుడు దొరకును. కాని అచ్చునకై హోమర్ తన చేతితో కొయ్యదిమ్మమీద గీసిన చిత్రమును కొనవలెనని ఎంతటి ధనికుడు వెదకినను లభింపదు. అచ్చుపడుటకై అది నశింపవలసివచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమునాటి అమెరికా పత్రికాచిత్రకారుల మూలచిత్రములను సేకరింపగోరువాడు మొట్టమొదట తెలిసికొనవలసిన విషయ మిదియే.

ఆనాటి ముద్రణవిధానమును కొంత వివరించినగాని యీ నాశమునకు కారణము బోధపడదు. బాక్స్‌వుడ్ అను మిక్కిలి దట్టమైన కొయ్యను అడ్డముగా కోసి, నునుపుచేసి, అచ్చక్షరముల యెత్తునకు సరిపోవు దిమ్మలుగా దీర్చి, పైని పలుచని తెల్లపూత పూయగా, చిత్రకారుడు ఆ పూతమీదనే పెన్సిలుతోడను కుంచెతోడను, కుడియెడమలు తాఱుమాఱుగా, తన బొమ్మను వ్రాసెడివాడు. పిమ్మట చెక్కడపు పనివాడు సూదులవంటి ఉలులతో, తెలుపు రావలసిన తావులనెల్ల తవ్వివైచి, నలుపు రావలసిన గీతలను మాత్రము మిట్టలుగా నిలిపెడివాడు. ఆ చెట్టు బోదె సన్ననిది. ఆ కారణమున పెద్దచిత్రములకు చిన్న దిమ్మలను పెక్కింటిని మరలతో బిగించి యొక్క పలకగా కూర్చుచుండిరి. వారపత్రికకు గడువు సమీపించినప్పుడు ఆ మరలు విప్పి, ముక్కకొక పనివానిని నియోగించి, వేగిరముగా చెక్కించి, తిరిగి బిగించెడివారు. ముక్కలు కలిసినచోట వెండ్రుకవలె సన్నని తెల్లగీత లేర్పడుట పాతసంచికలను శ్రద్ధగా చూచువారి కెఱుకయే. మైనపుప్రతిమ కరగిపోయిన పిమ్మటగాని పంచలోహవిగ్రహము పోతకు రానట్లు, చిత్రకారుని గీత ఉలిపాలైన పిమ్మటగాని పాఠకుని చేతికి చిత్రము చేరకుండెను.

ఇట్లు సమసిపోయినవానిలో మేరీ హాలక్ ఫుట్ రచించిన చిత్రములను తలచుకొన్నప్పుడు నాకు కలుగు వ్యథ యింతయంత కాదు. 1847లో న్యూయార్కు రాష్ట్రమునందలి మిల్టను గ్రామమున పుట్టి, కూపర్ యూనియన్‌లో స్త్రీలకొఱకు నెలకొల్పిన చిత్రకళాశాలలో చదివి, ఇరువదియేండ్లు దాటినంతనే పేరెన్నికగన్న యీ విదుషి, 1876లో ఒక గనుల ఇంజనీరును పెండ్లాడి, కాలిఫోర్నియాలోని న్యూ ఆల్మడెన్ పాదరసపుగనులకు కాపురము వెడలినది. కాపురము దేశపు పడమటికొనకు మారినను ఆమె వృత్తి మానలేదు. తూర్పుతీరపు ప్రచురణకర్తలు దిమ్మలను పంపుదురు. ఆమె సంసారభారము నడుమ తీరిక కల్పించుకొని, కొయ్యమీద నొక్క పొరపాటునకైన తావియ్యక చిత్రించి, తిరిగి పంపును. హాథారన్ మహాశయుని ‘స్కార్లెట్ లెటర్’ నవలకు 1878లో వెలువడిన చిత్రములు ఈమెవే. అన్ని క్రోసులు పోయి వచ్చిన దిమ్మలమీది సుకుమారమైన పెన్సిలురేఖ తుదకు ఉలిమొనకు ఆహుతియైపోయెను. మనకు దక్కినది చెక్కినవాని చేతిమీదుగా వచ్చిన ప్రతిబింబము. చెక్కినవారిలో గొప్ప నేర్పరులుండిరనుట నిజమే; ఐనను ఆమె చేయి తొట్రుపడిన తావేదో, నిలిచిన తావేదో ఆ యచ్చునుబట్టి నిశ్చయింప వీలులేదు.

యుద్ధభూమికి పోయి బొమ్మలు వ్రాసినవారి విషయమున మాత్రము కాలము కొంత కనికరించినది. వారు శిబిరములనుండి పంపిన చిత్తులను న్యూయార్కులోని కార్యాలయమున వేఱొకరు దిమ్మలమీదికి తిరిగి వ్రాయుచుండుటచే, ఆ కాగితములు ఉలివాత బడక మిగిలినవి. లండనులో పుట్టి అమెరికాకు వలసవచ్చిన ఆల్ఫ్రెడ్ వాడ్ ఇట్టివారిలో అగ్రగణ్యుడు. 1864 మే నెలలో వర్జీనియాలోని వైల్డర్‌నెస్ అడవిలో పోరు సాగుచుండగా చెట్లకు నిప్పంటుకొని, కదలలేని క్షతగాత్రులను మంటలు చుట్టుముట్టినవి. కంబళిని తుపాకులకు తగిలించి డోలిగాచేసి, తోటివానిని మోసికొనిపోవు సైనికులను వాడ్ పెన్సిలుతో గీసి, తెల్లరంగుతో వెలుగు దిద్దెను. ఆ బొమ్మ పత్రికలో పడినది. మూలమును నేడు వాషింగ్టనులోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నందు చూడవచ్చును. అచ్చులో చెట్లును మంటలును చక్కగా విడివడి, ఆకారములు స్ఫుటముగా కానవచ్చును. మూలములోనో, గీతలు ఒకదానిపై నొకటి త్రోసికొనివచ్చి, చిత్రకారునకు ఊపిరితీసికొను వ్యవధియైన లేదన్న సంగతిని చెప్పకయే చెప్పుచున్నవి. వాడ్ సోదరులును వారి సహచరులును గీసిన యిట్టి చిత్రములు అనేకము 1919లో జె.పి. మోర్గాన్ దానముగా ఆ గ్రంథాలయమునకు చేరినవి. ధనవంతులు చేసిన దానములలో ఇంతకంటె వెల గలిగినవి యుండవచ్చును. ఇంతకంటె విలువ గలిగినవి మాత్రము అరుదని నా నమ్మకము.

ఛాయాగ్రహణయంత్రము పుట్టినప్పుడు చిత్రకారుని వృత్తికి అది మృత్యువని పలువురు భయపడిరి. పత్రికాచిత్రముల విషయమున నది ప్రాణదాతయైనది. 1870 తరువాతి యేండ్లలో కాగితముమీది బొమ్మను ఫొటో తీసి, ఆ ఛాయను దిమ్మమీద పడవేసి చెక్కుపద్ధతి వ్యాపింపగా, మూలచిత్రము చెక్కుచెదరక చిత్రకారునికి మిగిలెను. చిత్రకారునకు తాఱుమాఱుగా గీయవలసిన యవస్థ తప్పెను. తన కిష్టమైన పరిమాణమున వ్రాయు స్వాతంత్ర్యమును లభించెను. కుంచెజాడను సైతము యథాతథముగా అనుకరించు క్రొత్త చెక్కడపుతెన్నునకు టిమొతీ కోల్ వన్నెతెచ్చెను. అది బుద్ధిలేని అనుకరణమని, తానును కొయ్యచెక్కడపు పనివాడేయైన డబ్ల్యు.జె. లింటన్ తీవ్రముగా ఖండించెను. అటుపిమ్మట గీతలను ఫొటోద్వారా లోహపుపలకపై కెక్కించు లైన్ బ్లాకులును, ఛాయలను సన్ననిచుక్కలుగా విడదీసి అచ్చొత్తు హాఫ్‌టోన్ బ్లాకులును వచ్చి, ఆ వివాదముతోబాటు కొయ్యచెక్కడమునే క్రమముగా వెనుకకు నెట్టివైచెను. లింటన్ వాదములో కళాగౌరవ మున్నది, కాదనను. కాని నేడు మన కన్నులయెదుట మూలచిత్ర మనునది నిలిచియున్నదన్న, అది ఆయన నిరసించిన ఆ ఫొటో చలువయే.

ఆ చలువవలననే ఎడ్విన్ ఆస్టిన్ అబ్బీ కలపుపొంకమును, వర్ణాంధుడయ్యును నలుపుతెలుపులలో నవ్వులు పూయించిన ఎ.బి. ఫ్రాస్టు చమత్కారమును, హోవర్డ్ పైల్ ప్రతిభను నేడు ముఖాముఖిగా చూడగలుగుచున్నాము. 1883లో పైల్ తానే కథచెప్పి, తానే చిత్రములు వ్రాసి వెలువరించిన ‘రాబిన్‌హుడ్’ గ్రంథమునందలి కలపుగీతను, అతడు తరువాత వ్రాసిన తైలవర్ణచిత్రములకంటె నేను మిన్నగా నెంచుదును. రంగు లేనిచోట అతని బుద్ధికి మఱుగు లేదు. ఉమర్ ఖయ్యాము రుబాయీలకు ఎలిహూ వెడ్డర్ 1884లో ప్రకటించిన చిత్రములును ఇట్లే బ్రదికి, స్మిత్సోనియన్ సంస్థవారి చిత్రశాలలో నున్నవి. దువ్వూరి రామిరెడ్డిగారి ‘పానశాల’ చదివిన తెలుగువారికి ఆ పారసీకకవి ఆప్తుడే గావున, అక్షరములను గూడ తన చేతనే దిద్ది, మృత్యువును, మధువును, కాలమును ఒక్క సుడిలో త్రిప్పిన వెడ్డర్ కల్పన మనకు పరాయిదిగా తోపదు.

ఉలినుండి తప్పించుకొన్న చిత్రములన్నియు సుఖపడినవని తలపరాదు. వెలయిచ్చి వ్రాయించినందున కాగితమును తమ సొత్తేయని భావించిన ప్రచురణకర్తలు, అచ్చు ముగియగనే బీరువాలలో కుక్కిరి, అడిగినవారి కిచ్చిరి, చోటు చాలనప్పుడు పాఱవేసిరి. ఫ్రెడరిక్ రెమింగ్టన్ తన చివరియేండ్లలో, పత్రికలకు బొమ్మలు వేయువాడన్న పేరు పోగొట్టుకొనగోరి, తన చిత్రములను పెక్కింటిని తానే కాల్చివైచెను. కథకు తోడుగా వ్రాసినది తక్కువజాతి కళయని నాటి పెద్దలు చేసిన నింద ఎంత లోతుగా నాటుకొన్నదో యీ యొక్క కార్యమే చాటుచున్నది. ఆ నింద అన్యాయమని నేను గట్టిగా నమ్ముదును. ఐనను కొందఱి చిత్రములకు రక్షకులు దొరకిరి. పైల్ 1911లో ఫ్లారెన్సు నగరమున మరణింపగా, ఆతని స్వస్థలమైన విల్మింగ్టను పురజనులు ఆ మఱుసటియేటనే యొక సంఘముగా నేర్పడి, ఆతని చిత్రములను కొని నిలుపుకొనిరి. నేటి డెలవేర్ చిత్రశాలకు అదియే పునాది. అబ్బీ చిత్రసంపద 1937లో యేల్ విశ్వవిద్యాలయమునకు చేరినది. పూర్వము హార్పర్సు పత్రికకు చిత్రసంపాదకుడుగా నుండిన విలియం పాటెన్ 1932లో పూనుకొని, తన కాలపు చిత్రకారులనుండియు, వారి కుటుంబములనుండియు అడిగి తెప్పించి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నందు కూర్చిన నిధిలో నేడు నాలుగువేలకు పైగా మూలచిత్రములున్నవి. ఒకనాడు బొమ్మలను అచ్చునకు పంపిన చేయియే వార్ధక్యమున వానిని ఒడిసిపట్టి కాపాడినది.

స్వయముగా సేకరింప నుత్సహించువారు కొనుటకుముందు భూతద్దము చేతబట్టవలెను. క్రమము తప్పని చుక్కల వరుసలు కనబడినచో అది హాఫ్‌టోన్ అచ్చు. నిజమైన చిత్రమున సిరా చిక్కనైనచోట కాగితముపై కొంచెము ఉబికియుండును. గీతక్రింద, చెరిపినను పూర్తిగా చెరగని పెన్సిలుజాడ కానవచ్చును. తప్పుపోయిన గీతమీద తెల్లరంగు పట్టియుండును. ఒక్కొకచోట ముఖమును మరల వ్రాసి అతికించిన కాగితపుముక్కయు నుండును. అంచులందు ఎన్ని అంగుళములకు తగ్గింపవలెనో నీలిపెన్సిలుతో వ్రాసిన యాజ్ఞ, వెనుకవైపున ప్రచురణాలయపు ముద్ర, కథపేరు మున్నగునవి యుండినచో అది మహాభాగ్యము. చిత్రము శుభ్రముగా నుండవలెనన్న మోజుతో వీనిని తుడిపించువారును, అట్టయంచులను కత్తిరించి చట్రములో బిగించువారును చేయు అపకారము ఇంతింత కాదు. అచ్చునకై పుట్టిన చిత్రమునకు ఆ వ్రాతలే జన్మపత్రిక. చౌకయట్టలలోని ఆమ్లము కాలక్రమమున వానిని గోధుమరంగున కెక్కించి, వంచిన విఱుగునట్లు చేయును గనుక, ఎండసోకని చోట, ఆమ్లములేని కాగితముల నడుమ వానిని పఱుండబెట్టవలెను.

సంతకము లేక, ఏ కథకు వ్రాసినదో తెలియక వచ్చు చిత్రములను చాలమంది విడిచిపెట్టుదురు. నాకు మాత్రము వానిమీదనే మక్కువ యెక్కువ. ‘హార్పర్స్’, ‘స్క్రిబ్నర్స్’, ‘సెంచురీ’ పత్రికల పాతసంపుటములను ఒక్కొకటిగా తిరగవేసి, ఆ బొమ్మ వెలువడిన పుటను పట్టుకొనవలెను. ఆ పుటకు ఒక ప్రతిని సంపాదించి మూలమునకు ప్రక్కనే యుంచవలెను. చిత్రశాలలవారును గోడమీద మూలము నొక్కదానినే వ్రేలాడదీయక, అచ్చుపుటను గూడ అదే యెత్తున దానికి జోడించి చూపుట యుచితము. చెక్కిన పనివాని పేరు అచ్చుబొమ్మ మూలలో చిన్నయక్షరములతో నుండినచో, చిత్రకారుని పేరితోబాటు ఆ పేరును ఫలకముమీద వ్రాయించుట వారి విధి.