ఊరెళ్లినా వదలని హారన్!

వారమంతా ట్రాఫిక్, హారన్లు, పక్కింటి టీవీ, వీధి చివర పెళ్లి డీజే. ఆదివారం వచ్చిందంటే ‘కాస్త ప్రశాంతంగా ఉండే చోటికి పోదాం’ అనిపిస్తుంది. కారెక్కి గోదావరి దారి పడతాం. మరి మనం పారిపోయి వచ్చిన ఆ రొదని కూడా డిక్కీలో వేసుకెళుతున్నామా? కార్తీక మాసంలో ద్రాక్షారామం వెళ్లినవారికి ఈ ప్రశ్న తప్పదు.

కాకినాడ నుంచి సుమారు ముప్ఫై కిలోమీటర్లు. రాజమండ్రి నుంచైతే యాభై. రామచంద్రపురం దాటాక కాస్త దూరమే. దారికి ఇరువైపులా వరిచేలు, కాలువగట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు. ఆర్థర్ కాటన్ 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయడంతో ఈ డెల్టాకి వచ్చిన పచ్చదనమిది. ఆ పచ్చదనం మధ్యలో నల్లరాతి ప్రాకారం, నాలుగు వైపులా గోపురాలు... అదే భీమేశ్వరాలయం.

పంచారామాల్లో ఇదొకటి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన మాణిక్యాంబ కొలువైందీ ఇక్కడే. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం... ఈ మూడు లింగాల మధ్య నేల త్రిలింగదేశమనీ, అదే తెలుగుదేశమైందనీ పెద్దలు చెబుతారు. ఈ గుడిని తూర్పు చాళుక్య రాజు భీముడు కట్టించాడంటారు. ఆయన రాజ్యానికొచ్చింది 892లో. శ్రీనాథుడు భీమఖండం రాసింది ఈ క్షేత్రం గురించే.

ఇక్కడి శివలింగం ఎంత ఎత్తంటే గర్భాలయానికి రెండంతస్తులు కావాల్సి వచ్చింది. అర్చనా అభిషేకం పై అంతస్తులో. కింద లింగం చుట్టూ తిరిగే దారి పగలు కూడా చీకటిగానే ఉంటుంది. ఒకప్పుడు గోడల్లో పొదిగిన రత్నాలే వెలుగునిచ్చేవని స్థానికుల మాట. చీకట్లో కన్నుకి పని తగ్గుతుంది, చెవికి పెరుగుతుంది. అడుగుల చప్పుడు, ఎవరో గొణుక్కునే పంచాక్షరి, దూరంగా గంట. సరిగ్గా అప్పుడే ఎవరి జేబులోనో సెల్‌ఫోన్ సినిమాపాటతో మోగుతుంది!

ఒక్కరోజులో ఐదు గుళ్లు

కార్తీక మాసంలో ద్రాక్షారామం పల్లెటూరులా ఉండదు. అమరావతి, పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం, సామర్లకోట... ఈ అయిదింటినీ ఒక్కరోజులో దర్శించాలని భక్తుల ఆరాటం. ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. కార్లు, టెంపోలు సరేసరి. తెల్లవారుజామున అమరావతిలో మొదలుపెడితే పొద్దు గుంకేలోగా సామర్లకోట చేరాలి. అంటే దేవుడి ముందు నిలబడ్డా గడియారం మీదే చూపు!

ఈ తొందరే రొద అవుతుంది. పల్లె వీధి వెడల్పు అంతంతమాత్రం. రెండు బస్సులు ఎదురుపడితే మూడోది హారన్ మోగిస్తుంది. దాని వెనక కారు ఇంకాస్త గట్టిగా మోగిస్తుంది. ఎవరూ కదలరు, ఎందుకంటే కదలడానికి చోటే లేదు. హైదరాబాద్ అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజి సర్కిల్‌లోనో అలవాటైన చెయ్యి ఇక్కడా ఊరుకోదు. మనకది పది నిమిషాల చిరాకు. ఆ వీధిలో కాపురం ఉన్నవారికి నెలరోజుల బతుకు. పసిబిడ్డని నిద్రపుచ్చే తల్లి, మంచం మీదున్న ముసలాయన, పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్లలు... వాళ్లకి తిరుగు ప్రయాణం బస్సు ఉండదు. శివరాత్రి సందడి సర్దుకునేసరికి పరీక్షల కాలం వచ్చేస్తుంది.

చెవికి తలుపు లేదు

కంటికి రెప్ప ఉంది. చెవికి లేదు. నిద్రలో కూడా అది వింటూనే ఉంటుంది. అందుకే రాత్రి చప్పుళ్లకి మెలకువ రాకపోయినా గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు మారుతుంది, నిద్ర పలచబడుతుంది. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇక్కడో తిరకాసుంది. పది డెసిబెల్స్ పెరిగాయంటే శబ్ద తీవ్రత పదింతలైనట్టు. ఇరవై పెరిగితే వందింతలు!

2000లో వచ్చిన శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆస్పత్రి, బడి, కోర్టు పరిసరాల్లో పగలు 50, రాత్రి 40. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ వేళల్లో బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, అదీ అర్ధరాత్రి దాకానే రాష్ట్రాలు సడలింపు ఇవ్వొచ్చు. అంతకుముందు 2000లోనే, ఇతరుల ప్రశాంతతని చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని అదే కోర్టు ఓ తీర్పులో స్పష్టం చేసింది. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా ఒకటే మాట.

చట్టం ఉంది. కానీ ప్రతి మైకు పక్కనా ఓ పోలీసుని నిలబెట్టగలమా? మిగతాది మన చేతిలో పనే.

నెయ్యి పోసే పూచీ

ఆ మిగతా పని ఎలా చేయాలో ద్రాక్షారామం రాళ్లే చెబుతాయి. ఇక్కడి స్తంభాల మీదా గోడల మీదా వందల శాసనాలున్నాయి. చాళుక్య చోళులు, వెలనాటి చోడులు, కళింగ గాంగులు... ఎందరివో. చదివితే యుద్ధాల కన్నా దీపాల ముచ్చట్లే ఎక్కువ. ఎవరో భక్తులు అఖండదీపం కోసం పశువుల్ని దానమిస్తారు. చాలాచోట్ల ఆ లెక్క యాభై. వాటిని ఎవరో ఒక కాపరి తీసుకుంటాడు. రోజూ కొలత ప్రకారం నెయ్యి పోస్తానని ఒప్పుకుంటాడు. తన తర్వాత తన పిల్లలూ పోయాలి. ఇచ్చినవారి పేరుతో పాటు పుచ్చుకున్నవారి పేరూ రాతిమీదికెక్కిన శాసనాలున్నాయి.

గమనించారా? పుణ్యం ఒకరిది, పూచీ మరొకరిది. రెండూ కలిస్తేనే దీపం వెలిగింది. ఇప్పుడు మనం పుణ్యం మాత్రం మూటగట్టుకుని, పూచీని ఊరి పంచాయతీకి వదిలేసి వస్తున్నాం. సప్తగోదావరి పుష్కరిణిలో దీపం వదిలి, దాని కింది ప్లాస్టిక్ దొన్నెనీ అక్కడే వదిలేస్తాం. రేపు తెల్లారి దాన్ని తీసేది ఓ పారిశుద్ధ్య కార్మికురాలు. ఆమె పేరు ఏ రాతిమీదా ఉండదు.

పెద్ద పనులేం అక్కర్లేదు. ఊళ్లోకి రాగానే హారన్ మీంచి చెయ్యి తీయండి. కారుని దూరంగా ఆపి నాలుగడుగులు నడవండి. గుళ్లోకెళ్లే ముందు ఫోన్ నోరు నొక్కండి. దీపానికి అరటిదొప్ప పట్టుకెళ్లండి, మొక్కాక ఆ దొప్పని తీసి కుండీలో వేయండి. ఐదు గుళ్లూ ఒక్కరోజులో కుదరకపోతే రెండు చాలనుకోండి. కార్తీకం మళ్లీ ఏడాదీ వస్తుంది.

ఒకటి మాత్రం అక్కణ్నుంచి వెంట తెచ్చుకోవచ్చు. ద్రాక్షారామంలో హారన్ మోగించకుండా పది నిమిషాలు ఆగగలిగిన చెయ్యి, సోమవారం పొద్దున మన వీధి సిగ్నల్ దగ్గరా ఆగగలదు. ఆ సిగ్నల్ పక్క ఇంట్లోనూ ఓ పసిబిడ్డ నిద్రపోతూనే ఉంటుంది!