తలుపు క్రింది అంచు

పాత కారును ఇంటి పెరటిలోనే పూర్వరూపమునకు తేబూనినవారు తొలుత ఇంజను మూత యెత్తి చూతురు. ఇంజను భాగములు అరిగినచో విజయవాడ ఆటోనగరులో వెదకిన నేదో యొకటి దొరకకపోదు. తుప్పు తిన్న రేకునకు మాత్రము చేతిపనియే శరణ్యము. అందును అంబాసిడరు సంగతి వేరు. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి రూపము దాల్చి, కలకత్తా సమీపమున ఉత్తరపారా కర్మాగారమునుండి వెలువడి, 2014 మే మాసమున తయారీ నిలిచిపోవువరకు కలెక్టరు దొరలను, పెండ్లికొడుకులను, ఆస్పత్రికి పోవు గర్భిణులను సమానముగా మోసిన ఆ బండికి విడిగా చట్రము లేదు; పైకప్పు, నేల, స్తంభములు, తలుపుల క్రింది సిల్లు అన్నియు నేకమై బరువు నోర్చు నిర్మాణమది. కావున సిల్లు పుచ్చినదనగా బండి బలమే సడలినదని తెలియవలెను.

వాన తలుపులోనికి పోవుట దోషము కాదు. అద్దము దిగుచోట ఫెల్టుపట్టీ యెంత క్రొత్తదైనను కొంత నీరు జారుట సహజము; ఆ సంగతి యెరిగియే తయారుచేసినవారు తలుపు అడుగున చిన్న రంధ్రముల నుంచిరి. ఏండ్ల తరబడి దుమ్మును, ఎండుటాకుల పొడియు, ఊడిన ఫెల్టు పీలికలును పేరుకొని ఆ రంధ్రములు పూడిపోయినంత, వెలుపలి రేకును లోపలి రేకు మీదికి మడచిన మడతలో నీరు నిలిచి, కాకినాడ, విశాఖపట్టణముల వంటి తీరనగరములలో ఉప్పుగాలి తోడై, ఇనుము తుప్పుగా మారి తొల్లింటికంటె ఎన్నో రెట్లు స్థలమాక్రమించి, మడతను విప్పి, కట్టకడపట రంగు క్రింద చిన్న పొక్కులుగా మనకు దర్శనమిచ్చును. ఆ పొక్కును స్క్రూడ్రైవరు మొనతో నొక్కిచూడుడు: గట్టి రేకు తగులుటకు మారుగా మొన గోధుమవన్నె పొడిలోనికి దిగబడును.

అట్టి తలుపును వెంటనే ఊడదీసి కోయుట తొందరపాటు. మొదట తలుపును సగము తెరచి, చివర చేయి ఆన్చి మీదికెత్తి చూడవలెను; కదలినచో మడతబందు సీల అరిగినదన్నమాట. సీల మార్చి, తలుపు తన స్థానమున సరిగా నిలిచిన పిదపనే సిల్లు జోలికి పోవలెను. అదియు, తలుపు ఖాళీలో ఇనుప గొట్టముల నడ్డముగా నతికి, ముందు స్తంభమును నడిమి స్తంభమును కదలకుండ బంధించిన తరువాతనే. లేనిచో పాత సిల్లు తీసినంతనే బండి శరీరము వంగి, క్రొత్త సిల్లు ఆ వంకరలోనే స్థిరపడి, అటుపై ఏ తలుపును మూయ వశము కాదు. పని నడుమ మాటిమాటికి తలుపు తగిలించి, చుట్టును సందు సమానముగా నున్నదా, లాకు శ్రమలేక పడుచున్నదా యని చూచుట కాలహరణము కానేకాదు.

పుచ్చినంత మేర కోసి క్రొత్త రేకు అతుకునపుడు వేడిని అదుపున నుంచవలెను. పలుచని రేకు వేడికి వ్యాకోచించి, చల్లారునపుడు ముడుచుకొని అలలుగా లేచును గనుక, ఒకేబిగిని వెల్డింగు గీత లాగక, ఈ చివర నొక చుక్క, ఆ చివర నొక చుక్క, నడుమ నొక చుక్క పెట్టుచు, ప్రతి చుక్కకును చల్లార వ్యవధి నీయవలెను. అటుపిమ్మట టింకరింగు. లోపల డాలీ యను ఇనుపదిమ్మెను ఆనించి వెలుపల సుత్తితో తట్టుచు గుంటను వచ్చినదారినే వెనుకకు పంపవలెను. ఇచ్చట కన్నుకంటె అరచేయి ప్రమాణము. పలుచని గుడ్డ అడ్డమిడి మెల్లగా నిమిరినచో, కంటికి చదునుగా తోచిన రేకుపై ఎత్తుపల్లములు వీణమెట్లవలె చేతికి తగులును.

గుంటను సుత్తితో సరిచేయక, వ్రేలిమందము లప్పము మెత్తి, ఉప్పుకాగితముతో నునుపుచేసి రంగు కొట్టు పద్ధతిని నేనంగీకరింపజాలను. సుత్తికి లొంగని సూక్ష్మలోపములను పూడ్చుటకే లప్పము. మందముగా పెట్టినచో తలుపు పడు తాకిడికి పగిలి, ఆ పగులులో తేమ చేరి, క్రొత్త తుప్పునకు తావిచ్చును. పాత రంగులలో సీసముండు నవకాశము కలదు గావున, పొడిగా గీకక, మాస్కు ధరించి, నీటితో తడుపుచు వాటరుపేపరు రుద్దవలెను. రేకు బయటపడినచోట తడి పూర్తిగా ఆరనిచ్చి అదే దినమున ప్రైమరు పూయవలెను, మన తీరపు గాలిలో ఇనుము ఒక్క రాత్రిలోనే ఎర్రబారును.

రంగు ఆరిన పిదప మరియొక పని మిగిలియున్నది. లప్పమును రంగును కలిసి తలుపు అడుగు రంధ్రములను తరచుగా మూసివేయును. వానిని సన్నని తీగతో పొడిచి తెరచి, అద్దము సందున చెంబెడు నీరు పోసి, అది అడుగునుండి ధారకట్టి నేలబడుట కనులార చూచినగాని తలుపు పని ముగిసినదని నేననుకొనను.