ఎవరిదీ కాని భాష

మేం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అనుకుంటాం. గోదావరిఖనిలో మా వాడకట్టు వాళ్లు దాన్ని తురకం అంటారు. ఉత్తరాది నుంచి వచ్చిన మౌల్వీ సాబ్ మా 'నక్కో', 'కైకు', 'హౌ' విని నవ్వి, ఇది ఉర్దూ కూడా కాదని తేల్చేశాడు. తెలుగు మాట్లాడితే సాయిబుల తెలుగు అంటారు. తెలుగు బాగా మాట్లాడితే మాత్రం, "మీరు ముస్లిమ్‌ల లెక్క లేరే!" అంటారు. అది మెప్పు అని వాళ్లు నమ్ముతారు. ఆ మెప్పును ఎక్కడ దాచుకోవాలో మాకు ఇప్పటికీ తెలియదు.

మేం ముగ్గురం, ఇద్దరన్నదమ్ములం, ఒక చెల్లె. చదివింది తెలుగు మీడియం. 'ళ'ను 'ల' అనేవాళ్లం, 'ణ'ను 'న' అనేవాళ్లం. ఓ రోజు క్లాసులో మాలో ఒకణ్ని లేపి, "ఏదీ, మీ ఇంట్ల మాట్లాడుకున్నట్టు రెండు ముక్కలు మాట్లాడు" అన్నారు. మాట్లాడాడు. క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ నుంచి ఎవడో సినిమాలో సాయిబు గొంతు పెట్టి "నమ్మల్‌కి తెల్వద్" అన్నాడు. మళ్లీ నవ్వు. ఆ నవ్విన వాళ్లంతా మా దోస్తులే. రంజాన్ నాడు మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగేవాళ్లే. పీర్ల పండుగకు మాతోపాటు గుండం చుట్టూ ఎగిరినవాళ్లే.

ఆ సాయంత్రం మేం ముగ్గురం అమ్మీతో అన్నాం: "మా దోస్తులొచ్చినప్పుడు నువ్వు మాట్లాడకు."

అమ్మీ మాట్లాడలేదు. దోస్తులొస్తే మంచినీళ్లు తెచ్చి పెట్టి, చేయి చూపించి, లోపలికి వెళ్లిపోయేది.

ఆ రోజుల్లోనే, 2004, 2005 ప్రాంతంలో, మా సింగరేణి క్వార్టర్‌కు కేబుల్ వచ్చింది. పిల్లల చానెల్లో పింగూ వచ్చేవాడు. మంచులో బతికే చిన్న పెంగ్విన్. వాళ్ల నాన్న పోస్ట్‌మ్యాన్, అమ్మ ఇంట్లో వంట చేస్తుంది, పింగా అని ఓ చెల్లె, రాబీ అని సీల్ దోస్తు. కోపమొస్తే ముక్కును బూరలా సాగదీసి "నూట్ నూట్" అంటాడు. మొత్తం మట్టి బొమ్మలే.

పింగూను ఒట్మార్ గుట్మాన్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో తయారుచేశాడని పెద్దయ్యాక తెలుసుకున్నాం. సిరీస్ 1990లో మొదలైంది. 1993లో ఆయన పోయినా బొమ్మ ఆగలేదు. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్లీ కదిపి ఇంకో ఫొటో. సెకనుకు 25 లెక్కన అయిదు నిమిషాల కథకు 7500 ఫ్రేములు. ఒక్కో ఫొటోను రెండేసి ఫ్రేములకు వాడుకున్నా వేలల్లోనే లెక్క. టబ్బులు లెక్కపెట్టుకుని బతికిన కోల్‌ఫిల్లర్ల పిల్లలం. ఆ చాకిరీ ఏమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

2000 దాకా పింగూ లోకంలోని గొంతులన్నీ ఒక్కడివే, ఇటలీ నటుడు కార్లో బొనోమివి. ఆయన 2022లో పోయాడు. పింగూ మాట్లాడేది జర్మన్ కాదు, ఇటాలియన్ కాదు. అసలు ఏ భాషా కాదు. ఒక్క మాటకూ అర్థం లేకుండానే కథంతా అర్థమయ్యేలా మాట్లాడే ఆ విద్యను గ్రామెలో అంటారు. 1997లో నోబెల్ అందుకున్న దారియో ఫో తన నాటకాల్లో వాడింది దాన్నే.

మా ఇంట్లో టీవీ ముందు జరిగింది ఇది. పింగూ ఏదో అంటాడు. అమ్మీ మాకు దక్కనీలో చెప్తుంది: "బాప్ కు గుస్సా ఆయా, దేఖో!" పక్క క్వార్టర్ పెద్దమ్మ తన మనవడికి తెలుగులో చెప్తుంది: "అగో, అయ్య కొడుతడని ఉరుకుతుండు." ఇద్దరూ ఒక్కసారే నవ్వుతారు. ఎవరి అనువాదం సరైందని ఎవరూ అడగలేదు. మేం నోరు మూయించాక అమ్మీ బయటివాళ్ల ముందు గొంతెత్తి మాట్లాడటం మళ్లీ అప్పుడే విన్నాం.

ఓ కథలో పింగూ అన్నం దగ్గర అల్లరి చేసి, దెబ్బలు తిని, రాత్రిపూట ఇల్లు విడిచి పోతాడు. అమ్మానాన్నా చీకట్లో వెతుక్కుంటూ తిరుగుతారు. ఆ కథ వచ్చినప్పుడు అమ్మీ నవ్వేది కాదు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. మా అబ్బా పనిచేసే బాయి వేరు. అయినా ఆ రోజు నుంచి అబ్బా షిఫ్టు దిగి ఇంటికి రావడం పావుగంట ఆలస్యమైతే అమ్మీ గేటు దగ్గర నిలబడేది. పక్కన పెద్దమ్మ నిలబడేది. ఇద్దరూ ఒకరితో ఒకరు ఏ భాషలో మాట్లాడుకున్నారో మాకు గుర్తు లేదు.

అబ్బాకు కాలు దెబ్బ తగిలాక పైన తేలిక పని ఇచ్చారు. మట్టి పని. బొగ్గు గోడకు డ్రిల్లుతో రంధ్రం వేసి, మందుగుండు పెట్టి, మిగిలిన ఖాళీని మెత్తటి మట్టితో బిగిస్తారు. బిగువు సరిగా లేకపోతే మంట బయటికి తన్ని గనిలో గ్యాసు అంటుకునే ప్రమాదం ఉంది. ఆ మట్టిని పిసికి కడ్డీలు చేయడం అబ్బా పని. ఓ రోజు పిడికెడు మట్టి కాగితంలో చుట్టుకొచ్చాడు. మేం పింగూను చేశాం. ఒంటికి బొగ్గు పొడి, పొట్టకు సున్నం, ముక్కుకూ కాళ్లకూ జాజు.

చేశాక భయమేసింది. ప్రాణి బొమ్మ చేయడం గునా అని విన్నాం. ఈ విషయంలో మా పెద్దల్లోనే ఒక్క మాట లేదు. అబ్బా బొమ్మను చేతిలో తిప్పి చూసి, "మొక్కకుండ్రి. ఆడుకోండ్రి" అన్నాడు. కాసేపాగి, "ఆదం అలైహిస్సలాంని కూడా అల్లా మట్టితోనే చేసిండు" అన్నాడు. పెద్దమ్మ మనవడు చవితికి చేసిన మట్టి వినాయకుడు ఆ వారమంతా గోడకు అటువైపు, మా పింగూ ఇటువైపు. ఆ వినాయకుడు గోదాట్లో కలిశాడు. మా పింగూ ఎండకు పగిలిపోయాడు.

చాలాకాలం మేం ఈ కథను ఇక్కడే ఆపేవాళ్లం. చూశారా, భాష అక్కర్లేదు, మనుషులంతా ఒక్కటే అని. సభల్లో చెప్తే చప్పట్లు కూడా వచ్చేవి. ఇప్పుడు అలా ఆపలేకపోతున్నాం. పింగూను అందరూ ప్రేమించారు, నిజమే. వాడికి భాష లేదు కనుక వాడి భాషను వెక్కిరించే వీలు ఎవరికీ లేకపోయింది. మరి మమ్మల్ని ప్రేమించాలంటే మేమూ భాష వదులుకోవాలా? వదులుకున్నాం కూడా. మా ముగ్గురి పిల్లలకూ తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు. 'నక్కో' రాదు. వాళ్లను ఎవరూ వెక్కిరించలేదు. వెక్కిరించడానికి మేం ఏమీ మిగల్చలేదు. క్లాసులో నవ్విన వాళ్లది ఒక్కరోజు తప్పు. అమ్మీతో "మాట్లాడకు" అన్నది మేం. ఆ తప్పు ఇరవై ఏళ్లు నడిచింది.

మొన్న సెలవులకు పిల్లల్ని తీసుకుని ఖని వెళ్లాం. అబ్బా లేడు. చిన్నది ఫోన్‌లో పింగూ పెట్టుకుని దాదీ ఒళ్లో కూర్చుంది. పింగూ ఏదో అన్నాడు. అలవాటుకొద్దీ అమ్మీ మా వైపు చూసింది, మాట్లాడొచ్చా అన్నట్టు.

మేం తల దించుకున్నాం. "బోల్ అమ్మీ" అన్నాం.

"నక్కో బోల్‌రా," అంది అమ్మీ పింగూను చూపిస్తూ. చిన్నది ఆ మాటను నోట్లో తిప్పుకుని, ముక్కు సాగదీసి అరిచింది.

"నక్కో! నక్కో!"