గిటార్ అసలు ధర దుకాణంలో తేలదు

మొదటి గిటార్ మీద ఎంత పెట్టాలని అడిగితే ఎక్కువ మంది చెప్పే మాట ఒకటే: ముందు చవకది కొను, చెయ్యి తిరిగాక మంచిది తీసుకోవచ్చు. వినడానికి పొదుపు మాటలాగే ఉంటుంది. కానీ వాయిద్యం మీద పెట్టే డబ్బును నేను బిల్లు మీది అంకెతో కొలవను. కొన్న ధర, దాన్ని వాయించడానికి వీలుగా చేయించుకోవడానికి అయిన ఖర్చు కలిపి, అందులోంచి తిరిగి అమ్మితే వచ్చేది తీసేస్తే మిగిలేదే అసలు ఖర్చు. ఈ లెక్క వేస్తే రెండు సంగతులు బయటపడతాయి. కొత్తగా నేర్చుకునేవాడికి మూడు నాలుగు వేల గిటార్ చవకది కాదు. ఇప్పటికే బాగా వాయించేవాడికి పదిహేను వేల దగ్గర దొరికే ‘ఇంకాస్త మంచి’ గిటార్ అన్నిటికంటే దండగ. మధ్యలో ఉన్న రకరకాల ధరలన్నీ మనల్ని మెట్టు మెట్టుగా ఎక్కించడానికి పెట్టినవే. మనకు కావలసినవి రెండే మెట్లు.

ఈ లెక్క హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల కంటే చిరాగ్‌పల్లి లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు ఎక్కువ అవసరం. జహీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దు దగ్గర, జాతీయ రహదారి 65 మీద ఉన్న ఊరిది. ముంబై హైవే అని పిలిచే ఆ దారి ఎదుటే, రోజంతా లారీలు. అయినా పది గిటార్లు వరసగా వాయించి చూసి ఎంచుకునే పెద్ద దుకాణం కావాలంటే హైదరాబాద్ దాకా, అంటే వంద కిలోమీటర్లకు పైగా, పోవాల్సిందే. అందుకే చాలామంది ఫోన్‌లో బొమ్మ చూసి, కింద చుక్కలు లెక్కపెట్టి ఆర్డర్ పెడతారు. బొమ్మలో రంగు కనిపిస్తుంది, మెడ వంకర కనిపించదు. వాయించి చూడకుండా కొనేవాడు ధర ఒక్కటే ఆధారంగా నిర్ణయించుకోవాల్సి వస్తుంది, తప్పుడు లెక్కకు పునాది అక్కడే పడుతుంది.

మూడు నాలుగు వేల గిటార్‌లో లోపం ఎక్కడుంటుందో చూద్దాం. శబ్దం కాదు అసలు సమస్య. కొత్తవాడి చేతిలో ఏ గిటార్ అయినా మొదటి మూడు నెలలు ఒకేలా మోగుతుంది. సమస్య తీగ ఎత్తు, వాయించేవాళ్ల మాటల్లో యాక్షన్. ఫ్రెట్ల మీద తీగ ఎంత ఎత్తులో ఉంటే వేలు అంత గట్టిగా నొక్కాలి. ఆరు ఇనుప తీగల 012 సెట్‌ను (ఈ అంకె తీగల మందాన్ని చెబుతుంది) సరైన శ్రుతికి బిగిస్తే గిటార్ మీద పడే మొత్తం లాగుడు 70 కిలోలకు పైనే. అంత బరువును భరించాల్సిన మెడ సరిగా లేకపోతే కొన్నాళ్లకే ముందుకు వంగుతుంది, తీగలు ఇంకా పైకి లేస్తాయి. ఈ ఎత్తును కొలవడానికి మీటర్లు, గేజీలు అక్కర్లేదు. ఏటీఎం కార్డు మందం ముప్పావు మిల్లీమీటరు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద మూడు కార్డులు పేర్చితే తీగను తాకీ తాకనట్టు పట్టాలి, సన్న తీగ కింద రెండు. నాలుగైదు కార్డులు సులువుగా దూరిపోతే ఆ గిటార్ మీద ఎఫ్ కార్డ్ అనే స్వరమేళం పట్టడం అనుభవమున్నవాడికే కష్టం. పద్నాలుగేళ్ల పిల్ల వేళ్లు మండిపోయి నాలుగో రోజు దాన్ని మూలన పెడితే, ‘దీనికి సంగీతం అబ్బదు’ అని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. తీర్పు వినాల్సింది గిటార్, వింటున్నది పిల్ల.

ఫెండర్ కంపెనీకి అధిపతిగా ఉన్నప్పుడు ఆండీ మూనీ చాలాసార్లు చెప్పిన మాట ఒకటుంది: మొదటిసారి గిటార్ పట్టినవాళ్లలో 90 శాతం మంది ఏడాది తిరగకముందే వదిలేస్తారు, మిగిలిన పది శాతం జీవితకాలంలో గిటార్లు, ఆంప్లిఫయర్ల మీద పది వేల డాలర్ల దాకా ఖర్చు పెడతారు. అమ్మేవాడి మాట కనుక రెండో సగాన్ని కాస్త తగ్గించి వినాలి. మొదటి సగం మాత్రం అతనికి నష్టం కలిగించే నిజం, కాబట్టి నమ్మవచ్చు. దీన్ని పట్టుకునే చాలామంది తల్లిదండ్రులు ఎదురు ప్రశ్న వేస్తారు: పదిమందిలో తొమ్మిదిమంది వదిలేసేదానికి పది వేలు ఎందుకు, మూడున్నర వేలతో పోయేదానికి? న్యాయమైన ప్రశ్నే. లెక్క వేద్దాం. మూడున్నర వేల పేరులేని గిటార్‌ని నాలుగు నెలల తర్వాత కొనేవాడు ఉండడు, నష్టం మొత్తం మూడున్నర వేలు. పది వేలకు పేరున్న కంపెనీది కొని, ఎనిమిది వందలు పెట్టి తీగ ఎత్తు సరిచేయించి, అదే నాలుగు నెలల తర్వాత ఆరున్నర వేలకు అమ్మితే నష్టం 4,300. అంటే వదిలేసినా తేడా ఎనిమిది వందలే. వదలకపోతే మొదటి దారిలో మూడున్నర వేలు ఎటూ పోయినట్టే, ఆ పైన రెండో గిటార్ కొనాలి. రెండో దారిలో ఏమీ కొనక్కర్లేదు. అదే పేరున్న గిటార్‌ను ఆరున్నర వేలకు సెకండ్‌హ్యాండ్‌లో కొని, సరిచేయించి, ఐదున్నరకు అమ్మితే నష్టం 1,800. మూడు దారుల్లో అన్నిటికంటే చవక ఇదే. ఇందులోని అమ్మకం ధరలు నా అంచనాలు. ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం మారదు.

ఇక్కడ పేరున్న కంపెనీ అన్నది మోజు కోసం కాదు. యమహా ఎఫ్310 లాంటి మోడల్ ఏళ్ల తరబడి మార్కెట్లో ఉంది. ధర పది వేల చుట్టుపక్కల ఆడుతుంది, సంగీతం నేర్పే ఏ మాస్టారు చూసినా అదేమిటో గుర్తుపడతాడు. కొనేవాడికి దాని విలువ తెలుసు కనుక అమ్మేవాడికి బేరం కుదురుతుంది. బ్రాండ్ మీద పెట్టే అదనపు డబ్బులో మనం నిజంగా కొనేది ఈ గుర్తింపునూ, పది ముక్కల్లో తొమ్మిది ఒకేలా ఉంటాయన్న భరోసానూ. అంతకు మించి బ్రాండ్‌కి ఇచ్చేది వృథా అని నా అభిప్రాయం. నాజూకైన రంగు, ముత్యపు చిప్ప పొదుగు, కటావే ఒంపు వగైరాలకు తిరిగి అమ్మేటప్పుడు ఎవరూ పైసా ఇవ్వరు.

కర్ర సంగతి అడుగుతారు. ‘రోజ్‌వుడ్ బాడీ’ అనగానే ధర పైకి పోతుంది. ఆ రోజ్‌వుడ్ మన అడవుల్లో పెరిగే జిట్రేగి జాతే. దాని మీద అంతర్జాతీయ ఆంక్షలు కూడా వచ్చాయి: 2017 జనవరిలో ఆ జాతి చెట్లలో దాదాపు అన్నిటినీ, అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో చేర్చారు, తయారైన వాయిద్యాలకు 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు. అరుదైన కర్ర అన్న కీర్తి ధరకు పనికొచ్చింది. చెవికి ఎంత పనికొచ్చిందో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి 2018లో ప్రచురించారు. వెనక పలక, పక్క పలకల కర్ర మాత్రమే వేరుగా ఉండేలా ఆరు గిటార్లు చేయించి, 52 మంది గిటార్ వాద్యకారుల చేత, కర్ర కంటికి కనిపించకుండా వెల్డింగ్ అద్దాలు పెట్టించి, మసక వెలుతురులో వాయింపజేశారు. ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్‌కూ మామూలు కర్రకూ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకు నూటయాభై ఏళ్ల ముందే స్పెయిన్‌లో ఆంటోనియో దె తోరెస్ 1862లో వెనక, పక్కలు అట్టతో చేసి గిటార్ కట్టాడు, ధ్వనికి ప్రాణం ముందు పలకే అని చూపించడానికి. 1995లో అమెరికాలో గిటార్ల తయారీదారు బాబ్ టేలర్, చెత్తలో పారేసిన ప్యాలెట్ చెక్కతో వెనక, పక్కలు చేసిన గిటార్‌ను వ్యాపార ప్రదర్శనలో పెట్టాడు. పనితనం ముఖ్యం అన్నదే ఆయన వాదన. ఈ మూడింటిలోంచి కొనేవాడు తీసుకోవలసింది: డబ్బు పెడితే ముందు పలక మీద పెట్టు, మెడ మీద పెట్టు, తీగ ఎత్తు సరిచేసే చెయ్యి మీద పెట్టు. వెనక పలక మీద కాదు.

అలాగైతే కొత్తవాడు కూడా మొదటే సాలిడ్ టాప్, అంటే ముందు పలక ఒకే కర్రతో చేసిన గిటార్, కొనవచ్చు కదా అనవచ్చు. యమహా ఎఫ్‌జీ800 లాంటివి అలాంటివే. ధర రమారమి రెట్టింపు, ధ్వని నిజంగానే నిండుగా ఉంటుంది. నా అభ్యంతరం ధర కాదు, మన గాలి. సాలిడ్ కర్రకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని తయారీదారులే చెబుతారు. ఈ దక్కను పీఠభూమి మీద ఎండాకాలం మధ్యాహ్నం తేమ అంతకు చాలా కిందికి జారిపోతుంది. పైగా మన ఇళ్లల్లో కూలర్ పెడతాం: రాత్రంతా గది తడితడిగా, పగలు కరెంటు పోతే కొలిమి. ఈ ఆటుపోట్లకు ఒంటి పలక ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, ఒక్కోసారి పగులుతుంది. పొరలు అతికించిన లామినేట్ పలక వీటన్నిటినీ మొండిగా తట్టుకుంటుంది. మంచి పెట్టె, అందులో తేమ బిళ్ల, వాయించగానే తిరిగి పెట్టెలో పెట్టే అలవాటు ఉన్నవాడికే సాలిడ్ టాప్ లాభం. ఆ అలవాటు ఏడాది వాయించాక వస్తుంది, ముందు రాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం ఏ రకాన్నీ వదలకూడదు. జిగురు మెత్తబడి, తీగలు కట్టే బ్రిడ్జ్ లేస్తే బాగుచేయించడానికి గట్టిగానే ఖర్చవుతుంది.

ఇక చెయ్యి తిరిగినవాళ్లు. పాత మెదక్ జిల్లాలో గిటార్ ఎక్కువగా వినిపించేది చర్చిల్లో. ఆదివారం ఆరాధనలో వాయించేవాళ్లకు రెండేళ్లు గడిచేసరికి చేతిలో ఉన్నది చాలదనిపిస్తుంది. అప్పుడు ఎదురయ్యేది పదిహేను, పదహారు వేల మెట్టు: అదే లామినేట్ కర్ర, కొంచెం నిగనిగ, పక్కన బటన్లున్న పికప్. మైక్ సెట్‌కి కలపడానికి పనికొస్తుంది కదా అని కొంటారు. మరో రెండేళ్లకు మళ్లీ చాలదు, ముప్పై వేలదానికి పోతారు. మధ్యలోది పదహారుకు కొని తొమ్మిదిన్నరకు అమ్మితే ఆరున్నర వేలు ఆ మెట్టు ఎక్కినందుకు కట్టిన సుంకం. పికప్ ఒక్కటే అవసరమైతే ఉన్న గిటార్ సౌండ్‌హోల్‌కి బిగించే పికప్ దొరుకుతుంది, రేపు కొత్తదానికీ మార్చుకోవచ్చు. ‘మంచి గిటార్ ఉంటేనే సాధన చెయ్యబుద్ధేస్తుంది’ అన్న వాదనలో కొంత నిజం ఉంది, కాదనను. కానీ కొత్తదన్న ఆ సంబరం ఎన్నాళ్లుంటుందో కొన్నవాళ్లకు తెలుసు. కొత్త తీగల సెట్, మంచి చేతిలో ఒకసారి సెటప్ (అంటే తీగ ఎత్తు సరిచేయించడం), రెండూ కలిపి రెండు వేలు దాటవు. పాత గిటార్‌కి ముందు అవి చేయించి, నెల రోజులు వాయించి, అప్పుడు కూడా చాలదనిపిస్తేనే పెద్ద మెట్టు గురించి ఆలోచించాలి.

కట్టే పద్ధతి కూడా ధరలో భాగమే. జహీరాబాద్ చుట్టుపక్కల చెరకు, అల్లం, ఆలుగడ్డ పండించే ఇళ్లలో డబ్బు నెలనెలా రాదు. చెరకు బిల్లు ఏడాదికోసారి, అదీ చక్కెర ఫ్యాక్టరీ ఎప్పుడిస్తే అప్పుడు. అలాంటి ఇంటికి పన్నెండు నెలల ఈఎంఐ సరిపడని చొక్కా. ఇక్కడి ట్రాక్టర్ ఫ్యాక్టరీలో నెల జీతం ఉన్న ఇంటికి ఇబ్బంది తక్కువే గాని, ‘వడ్డీ లేని ఈఎంఐ’ అన్న బోర్డు చూసి మోసపోకూడదు. సున్నా వడ్డీ అన్నదే లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. వడ్డీ ధరలోనో, వదులుకున్న డిస్కౌంట్‌లోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో దాక్కుని ఉంటుంది. అసలు గిటార్ ధరలో 18 శాతం జీఎస్టీ ఉంది, దాని మీద మళ్లీ వాయిదాల భారం ఎందుకు? విలువ తగ్గే వస్తువును అప్పుతో కొంటే, అప్పు తీరేసరికి దాని ధర బాగా పడిపోయి ఉంటుంది.

ఒక జాగ్రత్త, సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు. చిన్నపిల్లల వేళ్లకు నొప్పి ఉండదని నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ తీసుకోవడం మంచి ఆలోచనే, మెడ వెడల్పు ఎక్కువన్న ఇబ్బంది ఒక్కటే. అయితే శబ్దం చాలదని దానికి ఇనుప తీగలు బిగించిన గిటార్లు బజార్లో కనిపిస్తాయి. నైలాన్ తీగల లాగుడు ఇనుప తీగలతో పోలిస్తే సగం చిల్లర, దాని కట్టడం ఆ మేరకే. అలాంటిది బ్రిడ్జ్ దగ్గర పలక ఉబ్బి ఉంటే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఇనుప తీగల గిటార్ మీద వేళ్ల నొప్పి భరించలేనివాళ్లు 012 బదులు 010 సెట్ వేయించుకుంటే లాగుడు పదిహేను శాతం దాకా తగ్గుతుంది. పన్నెండో ఫ్రెట్ మీద నొక్కిన స్వరం, విడి తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయిలో పలుకుతోందో లేదో ఫోన్‌లోని ట్యూనర్ చెబుతుంది. అది తప్పితే బేరం అక్కడితో ఆపేయండి.

నా తీర్పు ఇది. మొదటి గిటార్‌కి సెటప్‌తో కలిపి పదకొండు వేలు దాటవద్దు, సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఏడున్నర చాలు. ఊళ్లో వాయించే చర్చి కుర్రాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి, లేదంటే మూడు ఏటీఎం కార్డులైనా పట్టుకెళ్లండి. రెండో గిటార్ కొనాలంటే ముప్పై వేలు రొక్కంగా చేతిలోకి వచ్చేదాకా, దాన్ని పెట్టెలో దాచే అలవాటు వచ్చేదాకా ఆగండి. ఈలోగా ఎవరెంత చెప్పినా మధ్య మెట్టు ఎక్కకండి.